పసివాని ఒంటరి పడక

గత సంవత్సరము మేము క్రొత్త యింటికి మారితిమి. ఆ యింటిలో మూడు పడకగదులున్నవి. ఒకటి మా దంపతులకు, ఒకటి మా అమ్మగారికి, మూడవది నాలుగేండ్ల మా చిన్నవానికి అని నిర్ణయించుకొంటిమి. వానికొక చిన్న మంచము, నీలిరంగు దుప్పటి, గోడమీద ఏనుగుల బొమ్మలు అమర్చితిమి. పగలంతయు వాడా గదిని చూచుకొని మురిసిపోయెను. రాత్రి కాగానే మా ప్రక్కనుండి కదలనని మొండికెత్తెను. రెండు మూడు రాత్రులు గట్టిగానున్నచో అదే అలవాటగునని మిత్రులొకరు చెప్పిరి. ఆ మాట నమ్మి, నేను వానిని పడుకొనబెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చితిని. వాడు చాలసేపు ఏడ్చి, అలసి నిద్రపోయెను. తెల్లవారిన తరువాత వాడు నన్నడిగిన మాట ఒక్కటే: "నాన్నా, రాత్రి నేనేం తప్పు చేశాను?"

ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను. నేను శిక్షణ యనుకొన్నది వానికి శిక్షగా తోచినది. మా అమ్మగారు నన్నేమియు అనలేదు గాని, ఆ పూట నాతో మాటాడను లేదు. పసిబిడ్డ తన గదిలో తానొక్కడే నిద్రింపవలెననెడి నియమము ఎక్కడ పుట్టినది, ఎందుకు పుట్టినది, దానిని లోకమునకు బోధించినవారెవరు అని వెదుక నారంభించితిని. అట్లు వెదకగా తెలిసిన సంగతులను శ్రోతలతో పంచుకొనుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము. పడకగది తలుపు వద్ద నిలబడి, లోపలికి పోవలెనా వెనుకకు మరలవలెనా యని తెలియక తడబడిన తలిదండ్రులు నేనొక్కడనే కానని నా నమ్మకము.

ఒంటరి పడకను లోకమునకు నేర్పినవి ఐరోపా, అమెరికా దేశములు. కాని ఆ దేశములలో సైతము అది అనాది ఆచారము కాదు. కొన్ని శతాబ్దుల క్రిందట అక్కడి సామాన్యుల యిండ్లలో పొయ్యియున్న గదియే వంటగది, కూర్చుండు గది, పడకగది. చలికాలమున వెచ్చదనమునకై ఇంటిల్లిపాది ఒక్కచోట చేరి పడుకొనెడివారు. సత్రములలో బాటసారులు పరిచయము లేనివారితో కూడ ఒకే పరుపును పంచుకొనెడివారు. ఇంగ్లండులో వేర్ అను ఊరి సత్రములో నుండిన ఒక పెద్ద మంచము నేటికిని లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో నున్నది. అది 1590 ప్రాంతమున తయారైనది. దాని వెడల్పు మూడు మీటర్లకు పైమాట. ఎనిమిదిమంది దానిపై పడుకొనవచ్చునని ప్రతీతి. షేక్స్‌పియరు మహాకవి తన నాటకమొకదానిలో దానిని ప్రస్తావించెను. ఆ మంచము వింతలలో వింతయే యైనను, పదిమంది కలిసి నిద్రించుట మాత్రము ఆనాడు వింత కాదు.

ధనవంతుల భవనములలో గదులు లేకపోలేదు. కాని ఒక గదిలోనుండి మరియొక గదిలోనికి, దానిలోనుండి ఇంకొకదానిలోనికి పోవలసినదే తప్ప, ప్రతి గదికిని వేరుగా దారియుండెడిది కాదు. పడుకొన్నవారి ప్రక్కనుండియే నౌకరులు, బంధువులు రాకపోకలు చేసెడివారు. పదునేడవ శతాబ్దిలో ఇంగ్లండునందు ఇంటి మధ్యగా పొడుగున సాగు నడవా వాడుకలోనికి వచ్చినది. 1650 ప్రాంతమున బర్క్‌షైరులో రోజర్ ప్రాట్ నిర్మించిన కోల్స్‌హిల్ భవనము దీనికి పేరుపొందిన ఉదాహరణము. ఆ భవనము 1952లో అగ్నికి ఆహుతియైనది గాని, ఆ నడవా మాత్రము ప్రపంచమంతటను నిలిచిపోయినది. నడవా వచ్చినది కనుక గదికి తలుపు వేసికొనుట సాధ్యమైనది. తలుపు వేసికొనుట అలవాటైన తరువాతనే ఏకాంతము ఒక సుఖమనియు, ఆపైన ఒక హక్కనియు జనులు భావింపసాగిరి.

బిడ్డను తల్లి ప్రక్కనుండి వేరుచేయుటకు మరియొక కారణము కూడ కలదు. అది భయము. నిద్రలో పెద్దవారి శరీరము మీదపడి పసికందు ఊపిరాడక చనిపోవుట ఐరోపాలో చిరకాలముగా నున్న దుఃఖము. మధ్యయుగములలో అట్టి తల్లిదండ్రులకు క్రైస్తవ మతాధికారులు ప్రాయశ్చిత్తమును విధించెడివారు. ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున కొయ్యతోను ఇనుముతోను చేసిన కమానువంటి చట్రమొకటి వాడుకలో నుండెడిది. బిడ్డను దాని క్రింద పరుండబెట్టినచో దాది నిద్రలో ఒరిగినను బిడ్డకు అపాయము లేదు. పాలిచ్చుటకు వీలుగా దానికొక ప్రక్క ఖాళీ యుంచెడివారు. తల్లిని బిడ్డకు దూరము చేయకయే బిడ్డను కాపాడవలెనని ఆలోచించిన ఆ పనివాని బుద్ధికి నమస్కరింపవలెను. ఇంగ్లండులో 1908 నాటి బాలల చట్టము ఈ విషయమున కఠినముగా నుండెను. మత్తులో నుండి పడకనెక్కినవారి ప్రక్కన మూడేండ్లలోపు బిడ్డ ఊపిరాడక మరణించినచో వారిని దోషులుగా నెంచవలెనని అది శాసించెను. ఆనాడు తల్లుల తలపై మోపిన మరణములలో కొన్ని, కారణమే తెలియని ఆకస్మిక మరణములై యుండవచ్చునని నేటి వైద్యుల అభిప్రాయము.

ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండు సంపన్నుల యిండ్లలో పిల్లలకు ప్రత్యేకముగా గది యేర్పడినది. మన కాన్వెంటు చదువులలోను కథల పుస్తకములలోను కనబడు నర్సరీ అదియే. అయితే ఆ గదిలో పిల్లవాడు ఒంటరివాడు కాడు. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు అక్కడనే పడుకొనెడివారు. ప్రక్కనే దాది యుండెడిది. బిడ్డ దూరమైనది తల్లికే గాని మనిషి తోడునకు కాదు. చీకటిగదిలో ఒక్క పసివాడు, ఒక్క మంచము అను చిత్రము దీని తరువాతిది. దాది వెడలిపోయి, పిల్లల సంఖ్య తగ్గి, గది మాత్రము మిగిలినప్పుడు ఏర్పడినది.

ఆ చిత్రమునకు శాస్త్రము రూపమున సమర్థన లభించినది అమెరికాలో. న్యూయార్కులో శిశువైద్యుడైన లూథర్ ఎమ్మెట్ హోల్ట్ 1894లో శిశుపోషణమును గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. దాదులకు శిక్షణ నిచ్చుటకై ప్రశ్నోత్తరముల రూపమున వ్రాసిన ఆ పుస్తకము క్రమముగా గృహిణులకు ప్రమాణగ్రంథమైనది. బిడ్డను తల్లి పడకపై పరుండబెట్టరాదని, ఊపి నిద్రపుచ్చరాదని, అలవాటుకొద్దియో మారాముచేసియో ఏడ్చినచో ఏడ్వనిచ్చి ఊరకుండవలెనని ఆయన ఉపదేశించెను. మొదటి పోరు గంటసేపు, ఒక్కొక్కప్పుడు రెండు మూడు గంటలు సాగినను, రెండవనాడు కొద్ది నిమిషములలో ముగియునని ధైర్యము చెప్పెను. న్యూజీలాండులో ట్రూబీ కింగ్ అను వైద్యుడు 1907లో స్థాపించిన సంఘము కూడ గడియారము ననుసరించి పాలు, గడియారము ననుసరించి నిద్ర అని బోధించెను.

వీరిని కఠినాత్ములని తీసివేయుట న్యాయము కాదు. కలుషితమైన పాలవలనను అంటువ్యాధులవలనను పసిపిల్లలు రాలిపోవుచున్న కాలమది. సూక్ష్మక్రిములను గూర్చి అప్పుడప్పుడే తెలియవచ్చుచున్నది. శుభ్రత, క్రమము, ఎడము ఈ మూడును బిడ్డల ప్రాణములు నిలుపునని వారు నమ్మిరి. ఆ నమ్మకములో చాలభాగము సత్యము కూడను. కాని పాలసీసా విషయమున సరియైన క్రమశిక్షణ, పసివాని మనస్సు విషయమునను సరియైనదే యగునని వారు తలచిరి. అక్కడ లెక్క తప్పినది.

ఈ ధోరణిని పరాకాష్ఠకు గొనిపోయినవాడు జాన్ వాట్సన్ అను మనస్తత్త్వవేత్త. 1928లో వెలువడిన తన గ్రంథములో ఆయన మాతృప్రేమయే బిడ్డకు అపాయకరమని హెచ్చరించెను. బిడ్డలను ఒడిలో కూర్చుండబెట్టుకొనరాదు, ముద్దాడరాదు, తప్పనిసరియైనచో నిద్రకు పోవునప్పుడు నుదుటిపై ఒక్క ముద్దు చాలును, ఉదయమున కరచాలనము చేసిన చాలును అని వ్రాసెను. లక్షల తల్లులు బిడ్డను ఎత్తుకొనబోయి చేయి వెనుకకు తీసికొన్న రోజులవి. ఎనిమిదేండ్లకు, అనగా 1936లో, తన జీవితమును గూర్చి వ్రాయుచు వాట్సన్ ఆ పుస్తకము వ్రాసినందుకు విచారము వెలిబుచ్చెను. అట్టి గ్రంథము వ్రాయుటకు తగిన జ్ఞానము ఆనాడు తనకు లేకపోయెనని ఒప్పుకొనెను. ఆ ఒప్పుకోలు గౌరవింపదగినదే. కాని అప్పటికే ఆ శిశువులు బడికి పోవు వయస్సువారైరి.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట గాలి మారినది. 1946లో బెంజమిన్ స్పాక్ అను వైద్యుడు తల్లులకొక పుస్తకము వ్రాసెను. నీకు తెలిసినది నీవనుకొన్నదానికంటె ఎక్కువే సుమా యను ధైర్యము దానిలోని మూలసూత్రము. స్పాక్ కూడ బిడ్డకు వేరుగది మేలనియు, తల్లిదండ్రుల పడక అలవాటు చేయవద్దనియు చెప్పినవాడే. అయినను రెండేండ్ల బిడ్డ ఒంటరితనమునకు బెదరినప్పుడు మంచము ప్రక్కన నెమ్మదిగా కూర్చుండుడు, నిద్రపట్టువరకు ఉండుడు, దొంగతనముగా జారుకొనకుడు అని సలహా యిచ్చెను. జారుకొన్న తల్లిని కనిపెట్టుటకై బిడ్డ మరింత మేలుకొని యుండును గదా! ఆ కాలముననే అమెరికాలో నగరముల వెలుపల క్రొత్త యిండ్లు వేలకొలది లేచినవి. 1947లో న్యూయార్కు సమీపమున నిర్మాణ మారంభమైన లెవిట్‌టౌనులోని తొలి యిండ్లకు రెండేసి పడకగదులు. ఒకటి పెద్దలకు, ఒకటి పిల్లలకు. గ్రంథములు బోధించినదానిని గృహములు స్థిరపరచినవి.

ఇంగ్లండులో జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు సమర్పించిన నివేదికలో, పసితనమున తల్లి తోడు ఎడతెగకుండ లభించుట మనస్సునకు ఆహారమువంటిదని నిరూపింప యత్నించెను. మరుసటి సంవత్సరము జేమ్స్ రాబర్ట్‌సన్, ఆసుపత్రిలో తల్లికి దూరమైన రెండేండ్ల బాలికను చలనచిత్రముగా తీసి చూపెను. ఆ చిత్రము మొదలుగా సాగిన ప్రయత్నమువలన ఆసుపత్రులు క్రమముగా తల్లులకు తలుపులు తెరచినవి. అయితే దినముల తరబడి తల్లికి దూరమగుట వేరు, గోడకు ఆవల తల్లియున్నదని తెలిసి నిద్రించుట వేరు. ఈ రెంటిని ఒకటిగా నెంచి భయపడిన తల్లులు కూడ లేకపోలేదు.

1985లో బోస్టను వైద్యుడు రిచర్డ్ ఫెర్బర్ ఈ చర్చకు ఒక క్రొత్త సంగతి చేర్చెను. నిద్ర ఒకే పోతగా సాగునది కాదు. పెద్దలైనను పిల్లలైనను రాత్రి పలుమార్లు కొంచెము మెలకువకు వచ్చి మరల నిద్రలోనికి జారుదురు. నిద్రపట్టునప్పుడు తల్లి చేయి తనపై నుండి, మెలకువ వచ్చునప్పటికి అది లేకపోయినచో బిడ్డ ఉలిక్కిపడును. మన తలక్రింది దిండు మాయమైనచో మనమును లేచి వెదకుకొందుము గదా! కనుక ఎట్టి స్థితిలో మేలుకొనునో అట్టి స్థితిలోనే నిద్రపట్టుట నేర్పవలెనని, బిడ్డ ఏడ్చినచో క్రమముగా ఎడము పెంచుచు వచ్చి పలుకరించుచు నుండవలెనని ఆయన చెప్పెను. లోకము ఈ పద్ధతికి ఆయన పేరు పెట్టి, పలుకరింపును మరచి, ఏడ్వనిచ్చుటను మాత్రము జ్ఞాపకముంచుకొన్నది. 2006 నాటి సంస్కరణలో, కుటుంబమునకు సమ్మతమైనచో కలిసి నిద్రించుటలోను దోషము లేదని ఫెర్బరు స్పష్టపరచెను.

ఇక తూర్పుదేశముల సంగతి. జపానులో తల్లి, తండ్రి, నడుమ బిడ్డ పడుకొనుటను నది యను అర్థమిచ్చు అక్షరముతో పోల్చుదురు. ఆ అక్షరములో రెండు పొడుగు గీతల మధ్య ఒక పొట్టి గీత యుండును. భువనేశ్వరములోని కుటుంబములను, షికాగోలోని కుటుంబములను పోల్చి 1995లో ప్రకటించిన ఒక పరిశోధనలో, పసివారిని రాత్రి ఒంటరిగా విడువరాదనునది ఒరియా కుటుంబములకు సౌకర్యముగాక ధర్మముగా తోచుచున్నదని తేలినది. వేరుగదులున్న యింటిలో సైతము మా అమ్మగారు మాటాడకుండుటకు అర్థమిదియే.

మన తెలుగునాట బారసాలనాడు బిడ్డను ఉయ్యెలలో వేయుట ఒక పండుగ. ఉయ్యెల తల్లి పడక కాదు, కాని తల్లి చేతికి అందని దూరమును కాదు. అన్నమాచార్యులవారు పదిహేనవ శతాబ్దిలో స్వామికి జోలలు రచించిరి. తిరుమలలో నేటికిని ఏకాంతసేవవేళ శ్రీనివాసుని పాటతో నిద్రపుచ్చుచున్నారు. లోకములను కాపాడు దేవుడే పాట లేనిదే పవళింపడని తలచిన జాతి మనది. నిద్ర మనకు ఒకరు ఒకరికి ఇచ్చునది. తలుపు వేసిన గదిలో సాధించునది కాదు.

అట్లని పాతదంతయు మంచిదని నా వాదము కాదు. ఉద్యోగములు, చదువులు, చిన్న కుటుంబములు, రెండవ కాన్పు, తల్లికి తీరని అలసట ఇవియన్నియు నేటి సత్యములు. పసికందుల విషయమున వైద్యుల మాట వినవలసినదే. తల్లిదండ్రుల గదిలోనే, కాని వేరు పడకపై, వెల్లకిల పరుండబెట్టుడని, కనీసము ఆరు మాసములు అట్లు చేయుడని అమెరికా శిశువైద్యుల సంఘము 2022లో చెప్పినది. ఎదిగిన బిడ్డలకు వేరుగది కీడు చేయునా యను ప్రశ్నకు ఆస్ట్రేలియానుండి కొంత వెలుగు లభించినది. అక్కడ ఏడు మాసముల వయస్సున నిద్ర చిక్కులున్న 326 మంది శిశువులతో ఒక పరిశీలన ప్రారంభించిరి. కొందరు తల్లులకు ఎడము పెంచుచు పలుకరించు పద్ధతియో, ప్రక్కన కూర్చుండి కొంచెము కొంచెముగా దూరమగు పద్ధతియో నేర్పిరి. తక్కినవారికి నేర్పలేదు. బిడ్డలకు ఆరేండ్లు వచ్చిన పిమ్మట చూడగా మనస్సులోగాని, నడతలోగాని, తల్లిపై మమతలోగాని ఉభయులకును భేదము కనబడలేదని 2012లో ప్రకటించిరి. మెల్లగా నేర్పిన తల్లి పాపము చేసినట్లు కాదు. నేర్పని తల్లి నష్టపోయినట్లును కాదు.

ఈ చరిత్రయంతయు చదివిన తరువాత నాకు తోచినదొక్కటే. ఒంటరి పడక ప్రకృతి ధర్మము కాదు, నడవాలు, దాదులు, అంటువ్యాధులు, క్రొత్త యిండ్లు కలిసి యేర్పరచిన ఆచారము. ఆచారమును అవసరమును బట్టి స్వీకరింపవచ్చును, మానుకొనవచ్చును. కాని దానిని ధర్మముగా భావించి పసివానికి శిక్షగా విధింపరాదు.

మరుసటి రాత్రి నేను మా చిన్నవానితో వాడు తప్పేమియు చేయలేదని చెప్పితిని. తప్పు నాదేనని కూడ చెప్పితిని. తలుపు తెరచియుంచి, మంచము ప్రక్కన కుర్చీ వేసికొని కథ ప్రారంభించితిని. మా అమ్మగారు నాకు చెప్పిన కథయే. కథకు ఊఁ కొట్టుట మన పిల్లల ధర్మము గదా! ఊఁ ఆగినచో నిద్ర వచ్చినదని గుర్తు. కొన్నిదినములకు ఒకసారి కుర్చీ ఒక అడుగు వెనుకకు జరిగినది. మంచము ప్రక్కనుండి గది నడుమకు, అక్కడనుండి గడపకు, గడపనుండి వసారాలోనికి. ఒకనాడు వాడు జ్వరపడగా కుర్చీ మరల మంచము ప్రక్కకు వచ్చినది, కొన్నాళ్ళకు మరల వెనుకకు పోయినది. దానికి నేను విచారింపలేదు.

ఇప్పుడు కథ చెప్పునది మా అమ్మగారు, తన గదిలో తన మంచముపైనుండియే. రెండు తలుపులును తెరచియుండును. వాడు తన గదిలోనుండి ఊఁ కొట్టుచుండును. రేడియోలో కథ చెప్పువానికి ఊఁ వినబడదు. అందుచేత కాబోలు, రాత్రి ప్రసారము ముగించుకొని త్వరగా యిల్లు చేరిననాడు ఆ ఊఁ వినుటకై నేను వసారాలో కొంచెముసేపు నిలబడుదును. ఒక్కొక్క ఊఁకు నడుమ ఎడము పెరుగును. తరువాత నిశ్శబ్దము. మా అమ్మగారు కథను మధ్యలోనే ఆపి, దీపము తగ్గింతురు.